డిగ్రీ అయిపోకముందే హైదరాబాద్‌లో నాలుగు చోట్లు తిరిగి రండి

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికగా చదవండి. తప్పనిపిస్తే కింద రాయండి, మాట్లాడుకుందాం.

మన గ్రూపులో హైదరాబాద్ గురించి వచ్చే పోస్టులు రెండే రకాలు. ఒకటి చార్మినార్ ముందర, కేబుల్ బ్రిడ్జి మీద దిగిన ఫొటోలు. రెండోది "సిటీకి పోకండి, అంతా మోసం, మనల్ని మనుషుల్లెక్క చూడరు" అని రాసేవి. ఫొటోలు పెట్టినోళ్ళు ఒక్క చోటు చూసి వచ్చినోళ్ళే. భయపడి రాసినోళ్ళు కూడా ఒక్క చోటు చూసి వచ్చినోళ్ళే. "ఏజెన్సీ వాళ్ళు" అని మనందర్ని ఒకే మాటతో చుట్టేస్తే మనకు ఎంత కోపం వస్తది? కోయ వేరు, గోండు వేరు, లంబాడీ వేరు, చెంచు వేరు, ఒకరి భాష ఒకరికి రాదు అని గంటసేపు చెప్తం. మరి సిటీ అనగానే మనం కూడా అట్లనే ఒకే మాటతో చుట్టేస్తున్నం కదా.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్తున్న. డిగ్రీ అయిపోకముందే మనలో ప్రతి ఒక్కరు, ముఖ్యంగా ఆడపిల్లలు, మూడు రోజులు హైదరాబాద్ పోవాలె. టూరు బస్సులో కాదు, ఆర్టీసీ బస్సులో, సొంత కాళ్ళ మీద. ఒకదానికొకటి పోలిక లేని నాలుగు ఏరియాలన్నా తిరగాలె. ప్రతి చోటా ఒకటే ప్రశ్న వేసుకోవాలె: ఇక్కడ మనోళ్ళు ఉన్నరా, ఉంటే ఏ పనిలో ఉన్నరు?

ఈ ప్రశ్న మా అమ్మది. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. పోయిన నెల నా దోస్తుకు హైదరాబాద్‌లో పరీక్ష సెంటర్ పడితే నేను తోడుగ పోత అన్న. అప్పుడు మా అమ్మ "అక్కడ మనోళ్ళు ఎవరన్నా ఉన్నరా బిడ్డా" అని అడిగింది. నా దోస్తుది మహబూబాబాద్ వైపు తండా, లంబాడీ పిల్ల. ఆమె పెద్దమ్మ బిడ్డ అశోక్ నగర్‌లో రూం తీసుకొని గ్రూప్స్‌కు చదువుతది. మా అమ్మకు ఆ ఒక్క పేరు చెప్పి ఒప్పించిన. పరీక్షకు మూడు రోజుల ముందే బస్సెక్కినం.

మొదటి రోజు పాతబస్తీ. బస్సు ఎంజీబీఎస్‌లో దింపింది. అక్కడి నుంచి చార్మినార్ దాకా నడిచినం, మెల్లగ పోయినా అరగంట. ఎందుకు నడిచినం అంటే మెట్రో రైలు ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోతది. మొదటి ప్లాను ప్రకారం ఆ లైను జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పోవాలె. హైటెక్ సిటీకి 2019లోనే మెట్రో పోయింది, పాతబస్తీలోకి మాత్రం ఇంకా పోలేదు. రోడ్డు ఏ ఊరికి ముందు వస్తదో, ఏ గూడెం బయట ఆగిపోతదో చూస్తూ పెరిగినోళ్ళం మనం. ఇది మనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

దారిలో అఫ్జల్‌గంజ్. మూసీ ఒడ్డున ఒక పక్క ఉస్మానియా ఆసుపత్రి, ఇంకో పక్క స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. 1908లో మూసీకి వరద వచ్చినప్పుడు ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెప్తరు. లైబ్రరీ 1891లో మొదలైంది. ఇప్పుడున్న పెద్ద బిల్డింగు 1936 నాటిది. గేటు చూస్తే రాజు కోటలెక్క ఉంటది, లోపలికి పోవాల్నా వద్దా అని కాళ్ళు ఆగుతయి. పోవచ్చు. కూర్చొని చదువుకోవచ్చు. ఎవరూ ఏమీ అనలేదు. సర్కారు లైబ్రరీ అంటే మనది కూడా అని గుర్తుపెట్టుకోండి.

చార్మినార్ కట్టింది 1591లో. దాని గురించి మీకందరికీ తెలుసు, నేను రాసేదేం లేదు. నేను చెప్పాలనుకునేది పక్కనున్న లాడ్ బజార్ గురించి. అక్కడ గాజులు లక్కతో చేస్తరు. నిప్పుల మీద లక్కను మెత్తగ చేసి, గుండ్రంగ తిప్పి, వేడి ఉండగానే చిన్న చిన్న రాళ్ళు ఒక్కొక్కటి అద్దుతరు. ఈ హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ లక్క ఎక్కడిది? మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టేది. మన దేశంలో ఎక్కువగ జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తది. అంటే చెట్టు మీది నుంచి గీకి తెచ్చేది చాలావరకు ఆదివాసీలు. ఛత్తీస్‌గఢ్‌లో మా చుట్టాలున్నరు. ఆ దుకాణంలో రంగు రంగుల గాజులు చూస్తుంటే, మనూళ్ళల్ల జీసీసీకి అమ్మే తపసి బంక ఏ బజారు దాకా పోతదో, అక్కడ దాని రేటెంతో మనమెప్పుడన్నా అడిగినమా అనిపించింది. చార్మినార్ దగ్గర ఫొటో దిగండి, వద్దనను. దిగినంక దుకాణంలో ఆ ప్రశ్న కూడా అడిగి రండి. మేమడిగిన దుకాణం ఆయన సంతోషంగ చెప్పిండు, చాయ్ కూడా తాగిపిచ్చిండు.

సాయంత్రం అశోక్ నగర్, చిక్కడపల్లి. ఇది టూరిస్టులు చూసే చోటు కాదు. కానీ మన పిల్లలకు చార్మినార్ కన్నా ముఖ్యమైన చోటు ఇదే అంటాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోవాలె. లోపల జాగా లేనోళ్ళు బయట చెట్ల కింద కూర్చొని చదువుతరు. నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, పుస్తకాలు. ఆసిఫాబాద్ నుంచి ఉన్నరు, అచ్చంపేట నుంచి ఉన్నరు, ములుగు నుంచి ఉన్నరు. మా అమ్మ ప్రశ్నకు అక్కడ మంచి జవాబు దొరికింది.

అయితే అక్క చెప్పిన మాటలు కూడా రాయాలె. ఆమె వచ్చి మూడేళ్ళు. "ఊర్ల మా నాయన పత్తి అమ్మిన పైసలు పంపుతడు చెల్లె. రూం కిరాయి, కోచింగు, మెటీరియల్ అనేసరికి నెల తిరగకముందే అయిపోతయి. జాబు రానోళ్ళు ఊరికి పోవడానికి మొఖం చెల్లక ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అని ఇక్కడే ఉండిపోతున్నరు" అన్నది. మధ్యాహ్నం జీహెచ్‌ఎంసీ 5 రూపాయల భోజనం కాడ లైన్‌లో నిలబడ్డోళ్ళల్ల పీజీ చేసినోళ్ళు కూడా ఉన్నరు. మనం డిగ్రీ అయినంక బ్యాగు సర్దుకొని నేరుగ ఇక్కడికే వస్తం. కోచింగ్ సెంటర్ బోర్డు మీద ఉద్యోగం వచ్చినోళ్ళ ఫొటోలే ఉంటయి, చెట్టు కింద కూర్చున్నోళ్ళ ఫొటోలు ఉండవు. ఇంట్లోళ్ళ పత్తి పైసలు కట్టకముందే ఒక్కరోజు అక్కడ కూర్చొని, చదివేటోళ్ళతో మాట్లాడి రావాలె. ఎన్నేళ్ళు పడుతది, నెలకెంత ఖర్చు, ఏ పుస్తకం లైబ్రరీలోనే దొరుకుతది, ఏది కొనాలె అని వాళ్ళే చెప్తరు. నేను డిగ్రీ అయినంక వచ్చే ఏడాదికి లెక్క రాసుకున్నది ఆ చెట్టు కిందనే.

రెండో రోజు హైటెక్ సిటీ. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో లైను మారి పోయినం. 1998లో సైబర్ టవర్స్ కట్టకముందు అదంతా రాళ్ళ గుట్టలు, మాదాపూర్ ఒక మామూలు ఊరు. ఇప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూడాలె. ఒక పెద్ద షాపింగ్ బిల్డింగు దగ్గర మేము లోపలికి పోతుంటే యూనిఫాం వేసుకున్న ఒక సూపర్‌వైజర్ వచ్చి "ఎవరు కావాలి, ఇక్కడేం పని" అని అడిగిండు. మా ముందర పోయినోళ్ళని అడగలేదు, మా వెనక వచ్చినోళ్ళని అడగలేదు. నా దోస్తు "చూడ్డానికి వచ్చినం" అని గట్టిగనే చెప్పింది. పొమ్మన్నడు. సిటీలో మనల్ని మనుషుల్లెక్క చూడరు అని పోస్టులు పెట్టేటోళ్ళ బాధ ఉత్తది కాదు, అది నేను ఒప్పుకుంట.

కానీ అదే గేటు దగ్గర బ్యాగులు చెక్ చేసే పిల్లగాడు మేము బయటికి వచ్చేటప్పుడు హిందీల అడిగిండు, "మీది ఏ ఊరు" అని. చెప్పినం. ఆయనది ఒడిశాల కోరాపుట్. "హమ్ భీ ఆదివాసీ" అన్నడు. రోజుకు 12 గంటల డ్యూటీ, ఆరుగురు కలిసి ఒక రూం. అడిగినాయన ఒకడు, పలకరించినాయన ఒకడు, ఇద్దరూ ఒకే గేటు దగ్గర. మొదటాయన దగ్గరే తిరిగి వచ్చేస్తే రెండో ఆయన మనకు కనపడడు.

అక్కడి నుంచి గచ్చిబౌలి వైపు అంజయ్య నగర్, సిద్దిఖ్ నగర్ సందులు చూడాలె. బిల్డింగుకు బిల్డింగు ఆనుకొని ఉంటది, మధ్యల ఎండ పడదు. అన్నీ పీజీ హాస్టళ్ళ బోర్డులే. అద్దాల బిల్డింగుల్లో పని చేసేటోళ్ళల్ల చాలామంది రాత్రికి వచ్చి పడుకునేది ఇట్లాంటి సందుల్లోనే. మేము చూసిన రూంలో నాలుగు మంచాలు, మంచాల మధ్య నడిచే జాగా లేదు. మన వెల్ఫేర్ హాస్టల్ రూమే నయం. సాఫ్ట్‌వేర్ అంటే బంగ్లా, కారు అని మనూళ్ళల్ల అనుకునేదానికి, అక్కడ కొత్తగ చేరిన పిల్లల బతుకుకు ఎంత తేడానో ఆ సందుల్ల తెలుస్తది. ఉద్యోగం వద్దని కాదు. మొదటి రెండు మూడేళ్ళు ఎట్లుంటయో తెలిసి పోవాలె.

మూడో రోజు పొద్దున్నే ఒక అడ్డా దగ్గర ఆగినం. కూలీకి పిలిచేటోళ్ళ కోసం ఆడోళ్ళు, మొగోళ్ళు రోడ్డు పక్కన నిలబడి ఉన్నరు. పక్కన సద్ది గిన్నెలు. ఒకామె మాట వినంగనే నా దోస్తు గోర్ బోలిలో పలకరించింది. ఆమె నవ్విన నవ్వు చూడాలె. నాగర్‌కర్నూల్ వైపు తండా అంట, పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర ఇడిసిపెట్టి వచ్చిందంట. పది నిమిషాలు మాట్లాడినరు, మేస్త్రీ పిలవంగనే పోయింది. ఈ కట్టే బిల్డింగులకు రాళ్ళు, ఇసుక మోసేది ఎవరో రాసేటోళ్ళు తక్కువ.

ఆ తర్వాత మాసాబ్ ట్యాంక్. అక్కడ దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. సెలవు కాని రోజు చూసుకొని పోండి. గోండుల, కోయల, చెంచుల, లంబాడీల ఇళ్ళు, నగలు, పనిముట్లు బొమ్మలతో సహా పెట్టినరు. చూసి గర్వంగ అనిపిస్తది. అదే సమయంలో, మనం ఇంకా బతికే ఉన్నం కదా, అద్దం వెనక ఎందుకున్నం అని కూడా అనిపిస్తది. రెండూ నిజమే.

అక్కడి నుంచి బంజారాహిల్స్ దగ్గరే. రోడ్ నంబర్ 10లో కొమరం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ పక్కపక్కనే ఉన్నయి. 2022 సెప్టెంబర్ 17న ప్రారంభించినరు. ఒక కోయ పిల్ల, ఒక లంబాడీ పిల్ల ఆ రెండు గేట్ల మధ్యల నిలబడి ఫొటో దిగినం. మన రెండు వర్గాల మధ్య ఇప్పుడు ఎట్లాంటి మాటలు నడుస్తున్నయో గ్రూపులో అందరికీ తెలుసు. నేను దాంట్లోకి పోను. మూడు రోజులు ఒకే రూంలో పడుకొని, ఒకే డబ్బాల తిన్నోళ్ళకు ఆ రెండు గేట్ల మధ్య దూరం ఎక్కువ అనిపించలేదు, అంతే.

బంజారాహిల్స్ అనే పేరు ఒకప్పుడు ఆ గుట్టల మీద ఉన్న బంజారాల వల్లనే వచ్చిందంటరు. ఇప్పుడు ఆ రోడ్ల మీద పెద్ద పెద్ద గేట్లు, ఆసుపత్రులు, నగల దుకాణాలు. వెనక ఎన్‌బీటీ నగర్, నంది నగర్ లాంటి బస్తీలు, ఒక ఇంటి గోడ మీదనే ఇంకో ఇల్లు. మెయిన్ రోడ్డు నుంచి బస్తీలోకి నడిచి పోవడానికి ఎంతోసేపు పట్టదు. నా దోస్తు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా పేరు పెట్టుకున్న చోట మాకు గజం జాగా లేదు" అన్నది.

నాకు అక్కడ గుర్తొచ్చింది 1/70 చట్టం. 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో సవరణ తెచ్చి, షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ చేసిన చట్టం. కాలేజీలో దాన్ని రెండు మార్కుల ప్రశ్నగ చదువుతం. మనూళ్ళల్ల కూడా "ఆ చట్టం వల్లనే మన భూమికి రేటు రాదు, లోన్లు రావు" అనేటోళ్ళు తయారైనరు. వాళ్ళను ఒకసారి బంజారాహిల్స్ తీసుకుపోయి చూపియ్యాలె. రేటు బాగా వచ్చిన భూమి మీద పాతోళ్ళు ఎవరూ మిగల్లేదు. చట్టం గురించి మనూళ్ళె పెద్దోళ్ళతో మాట్లాడాలంటే పుస్తకం కన్నా ఈ ఒక్క చోటు ఎక్కువ పనికొస్తది.

సాయంత్రం ట్యాంక్ బండ్ మీద కొమరం భీం విగ్రహం చూసినం. 1940లో జోడేఘాట్‌లో ఎవరి పోలీసులు ఆయన్ని చంపినరో, వాళ్ళ రాజధాని ఈ ఊరే. అదే ఊర్ల ఇప్పుడు ఆయన విగ్రహానికి దండం పెట్టుకున్నం.

ఇప్పుడు లెక్క చూడండి. మూడు రోజుల్లో మనోళ్ళు ఎక్కడెక్కడ కనపడ్డరు? లాడ్ బజార్‌లో లక్కలో ఉన్నరు, మనిషి కనపడడు. హైటెక్ సిటీలో గేటు దగ్గర ఉన్నరు. అడ్డా మీద ఉన్నరు. మ్యూజియంలో బొమ్మలుగ ఉన్నరు. బంజారాహిల్స్‌లో పేరుగ ఉన్నరు. ట్యాంక్ బండ్ మీద విగ్రహంగ ఉన్నరు. చిక్కడపల్లిలో పుస్తకం ముందర ఉన్నరు. ఒక్క ఏరియా చూసి వచ్చినోళ్ళకు దీంట్ల ఒక్కటే తెలుస్తది. అన్నీ చూసినోళ్ళకు, రేపు నేను ఎక్కడ నిలబడాలె, దానికి ఏం కావాలె అనే ఆలోచన మొదలైతది. నేను తిరగమనేది ఇందుకే.

ఇది చదివి కొందరు అనే మాటలు నాకు తెలుసు.

"పైసలు ఎక్కడివి?" ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. సిటీ బస్సుల్లో కూడా అంతే. మాకిద్దరికీ మెట్రో, ఆటో, తిండి, మ్యూజియం అన్నీ కలిపి 1,500 దాటలేదు. ఉండడానికి తెలిసినోళ్ళ రూం దొరికింది కాబట్టి అంతల అయ్యింది. అందుకే కింద ఒక మాట అడుగుతున్న.

"ఆడపిల్లలకు భయం కదా?" భయం ఉన్నమాట నిజం. ఒక్కరే పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. చీకటి పడేలోపు రూంకు చేరండి. పోయే చోటు పేరు ఇంట్లో ఒకరికి, హాస్టల్‌లో ఒకరికి చెప్పి పోండి. కానీ భయం అని చెప్పి ఇరవై ఏళ్ళు గూడెంలోనే ఉంచి, ఆఖరికి పెళ్ళి చేసో ఉద్యోగానికో ఒక్కసారిగ అదే సిటీకి పంపితే అప్పుడు భయం ఉండదా? తోడు ఉన్నప్పుడే దారి నేర్చుకోవాలె.

"మన ఊరు, మన అడవి ఉండంగ సిటీ ఎందుకు?" ఈ మాట అనేటోళ్ళంటే నాకు గౌరవం. నేను కూడా చదువు అయినంక మా గూడేనికే రావాలనుకుంటున్న. కానీ మన బంక రేటు, మన పోడు పట్టా, మన హాస్టల్ బిల్లు, వీటి మీద సంతకాలు అయ్యేది ఆ ఊర్లనే. ఆ ఊరు తెలిసినోళ్ళు మనలో ఉండాలె.

చివరగా రెండు విషయాలు అడుగుతున్న.

ఒకటి, ఐటీడీఏ వాళ్ళు, హాస్టల్ వార్డెన్లు పిల్లల్ని టూరుకు తీసుకుపోయినప్పుడు జూ పార్కు, గోల్కొండతో పాటు ఒక పూట చిక్కడపల్లి లైబ్రరీలో, ఒక పూట మాసాబ్ ట్యాంక్ మ్యూజియంలో ఉంచాలె. అదే బస్సు, అదే డీజిల్, పెద్దగ ఖర్చేం పెరగదు. ఈ మాట మీ హాస్టల్ కమిటీ మీటింగులో పెట్టండి, రాతపూర్వకంగ ఇవ్వండి.

రెండు, ఈ గ్రూపులో హైదరాబాద్‌లో ఉన్న అన్నలు, అక్కలు చాలామంది ఉన్నరు. నెలకు ఒక్కసారి ఒక ఇద్దరు పిల్లల్ని రెండు రాత్రులు మీ రూంలో పండుకోనిచ్చి, ఒక పూట ఏరియా చూపిస్తరా? ఆడపిల్లలకు అక్కలు, మొగపిల్లలకు అన్నలు. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఏ ఏరియాలో ఉంటరో మాత్రం కింద రాయండి. అడ్మిన్ అన్నలు లిస్టు తయారు చేస్తే, డిసెంబర్ సెలవుల్లో మా హాస్టల్ నుంచే నలుగురు చెల్లెళ్ళు పోవడానికి రెడీగ ఉన్నరు.

జై భీం. జై కొమరం భీం. జై సేవాలాల్.